మోకాలు నిలబడుతుంది, కూతకు మాత్రం తొందరపడొద్దు

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్ళు. సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె మాది. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. వయసు లెక్కన ఇంకా మూడేళ్ళు అవకాశం ఉంది. చిన్నప్పటి నుంచి కబడ్డీ ఆడతాను, రెండేళ్ళు జిల్లా జట్టులో ఉన్నాను. మొన్న సంక్రాంతి పోటీల్లో కూతకు వెళ్ళినప్పుడు అవతలివాడు చీలమండ పట్టుకున్నాడు. గీత వైపు తిరగబోయేసరికి కుడి మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చింది. గంట తిరక్కుండా మోకాలు కుండలా వాచింది. మామయ్య నాటుకట్టు కట్టించాడు, మూడు వారాలు ఉంచుకున్నాను. వాపు పోయింది. నాలుగు నెలలైంది, మామూలుగానే నడుస్తున్నాను. కానీ పొలం గట్టు మీద ఒకసారి, బండి దిగి తిరుగుతుంటే ఒకసారి మోకాలు జారిపోయి కింద పడ్డాను. ఎంఆర్ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని, మెనిస్కస్ కూడా చిరిగిందని వచ్చింది. డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. నా స్నేహితుడికి ఇదే ఆపరేషన్ చేస్తే ఏడాది తిరక్కముందే మళ్ళీ తెగింది. ఇంకొకరేమో వ్యాయామం చాలు అంటున్నారు. నాన్న ‘ఈ వయసులో మోకాలు కోయిస్తే జీవితాంతం కుంటుతావ్’ అంటున్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే మునుపటిలా ఆడగలనా? ఆరు నెలల్లో ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) పెడితే పరుగెత్తగలనా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో గట్టు మీద పడిన మాట దగ్గర ఆగిపోయాను. ఆ వెంటనే బండి దిగుతూ పడిన మాట. ఎంఆర్ఐ రిపోర్టు కంటే ఆ రెండు పడిపోవడాలే నాకు ఎక్కువ చెప్పాయి. నేను సర్జన్‌ని కాను, ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఏడాది దాకా ఈ మోకాళ్ళతో గడిపేది మేమే. కాబట్టి ఆపరేషన్ బల్ల మీద ఏం జరుగుతుందన్న దానికంటే, ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే ఎక్కువ రాస్తాను.

ముందు నీ మోకాల్లో జరిగిందేమిటో చెప్తాను. ఏసీఎల్ అనేది కీలు లోపల, తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య ఏటవాలుగా ఉండే పట్టీ. మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవు, చిటికెన వేలంత లావు. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపడం దాని పని. నేరుగా నడిచేటప్పుడు దాని అవసరం పెద్దగా పడదు, అందుకే నీకు నడక మామూలుగా ఉంది. పాదం నేల మీద నాటుకుని ఉండగా ఒళ్ళు తిరిగితేనే దానికి పని. నీ చీలమండను అవతలివాడు పట్టి ఉంచాడు, నువ్వు తిరిగావు. కబడ్డీలో ఇది తెగడానికి ఇంతకంటే అనువైన క్షణం ఉండదు.

నాటుకట్టు సంగతి. మామయ్యను తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఆయన ప్రేమకొద్దీ చేశాడు. విరిగిన ఎముక చుట్టూ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఆధారంగానే ఎముక అతుక్కుంటుంది. ఏసీఎల్ ఉండేది కీలు నీటిలో. అక్కడ రక్తం గడ్డ నిలవదు, తెగిన కొసలు ఒకదాన్నొకటి పట్టుకోవడం కష్టం. కొందరిలో తనంతట తానే కొంత అతుక్కున్న దాఖలాలు ఉన్నాయి గానీ, నాలుగు నెలల తర్వాత కూడా జారిపోతున్న మోకాలి మీద ఆ ఆశ పెట్టుకోలేం. ఆ కట్టు చేసిన నష్టం వేరే ఉంది. మూడు వారాలు కదలకుండా ఉంచడంతో నీ తొడ కండరం కరిగిపోయి ఉంటుంది. మోకాలి చిప్ప పైఅంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి, అక్కడ రెండు తొడల చుట్టుకొలతా టేపుతో చూసుకో. తేడా నీకే తెలుస్తుంది.

ఇక ఆపరేషన్ కావాలా అన్న ప్రశ్న. వ్యాయామం చాలన్నవాళ్ళు గాలిమాట చెప్పలేదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసున్న 121 మందిని రెండు గుంపులు చేసి చూశారు, 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకు మొదట్లోనే ఆపరేషన్. రెండో గుంపుకు ముందు వ్యాయామం, అవసరం పడితేనే ఆపరేషన్. అయిదేళ్ళ తర్వాత చూసినా నొప్పిలో, పనిచేసుకోవడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామంతో మొదలుపెట్టిన వాళ్ళలో దాదాపు సగం మందికి ఆ అయిదేళ్ళలో ఆపరేషన్ అవసరమే రాలేదు. ఏసీఎల్ తెగిందని తెలిసిన ప్రతివాళ్ళకూ ఈ విషయం చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎంఆర్ఐ కాగితం చూసి మర్నాడే ఆపరేషన్‌కు తేదీ రాయించుకుంటున్న పిల్లల్ని చూస్తే బాధగా ఉంటుంది.

కానీ మిగతా సగం మంది సంగతీ చూడాలి కదా. వాళ్ళలో చాలామంది మోకాలు జారుతూనే ఉండడం వల్ల చివరికి ఆపరేషన్‌కు వచ్చారు. 2022లో బ్రిటన్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో 316 మంది, అందరూ గాయమై కొంతకాలం గడిచినా మోకాలు నిలవనివాళ్ళే, అంటే నీలాంటివాళ్ళు. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు.

నీ విషయంలో ఇంకో లెక్క ఉంది, మెనిస్కస్. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు చక్రం అది. మోకాలు జారిన ప్రతిసారీ అది ఎముకల మధ్య నలుగుతుంది, చిరుగు పెద్దదవుతుంది. ఈరోజు కుట్టడానికి వీలైనది మరో రెండుసార్లు పడితే కత్తిరించి తీసేయాల్సిన స్థితికి రావచ్చు. 22 ఏళ్ళవాడికి మెనిస్కస్ పోవడమంటే ఏసీఎల్ పోవడం కంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం. కాబట్టి నన్నడిగితే, నువ్వు ఆపరేషన్ చేయించుకో. డాక్టరు గారిని ‘కుట్టడానికి ఏమాత్రం వీలున్నా మెనిస్కస్‌ను కుట్టండి’ అని ముందే అడుగు.

అయితే వచ్చే వారమే వద్దు. మోకాలు పూర్తిగా చాపగలిగి, వాపు లేకుండా, తొడ కండరం బిగిస్తే గట్టిపడేలా అయ్యాక వెళ్ళినవాళ్ళు ఆపరేషన్ తర్వాత తొందరగా కోలుకుంటారు. బిగుసుకున్న మోకాలితో వెళ్తే బిగుసుకునే బయటికి వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు వ్యాయామం చేసి వెళ్ళు. ఈలోగా మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికి రాకపోతే మాత్రం ఆగొద్దు. చిరిగిన మెనిస్కస్ ముక్క మడతపడి అడ్డం పడి ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించు.

మునుపటిలా ఆడగలనా అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి తమ్ముడూ. మోకాలు జారడం ఆగుతుందా? కబడ్డీ తిరిగి వస్తుందా? నలభై ఏళ్ళకు ఆ మోకాలు ఎలా ఉంటుంది? మూడింటికీ జవాబు ఒకటే అనుకుని ఆపరేషన్‌కు వెళ్ళినవాళ్ళే తర్వాత నిరాశపడతారు.

మొదటిదానికి జవాబు మంచిదే. బాగా చేసిన ఆపరేషన్, బాగా చేసిన వ్యాయామం ఉంటే ఎక్కువమందికి జారడం ఆగుతుంది. గట్టు మీద నడుస్తావు, బండి దిగుతావు, మూట మోస్తావు.

రెండోదానికి అంకెలు చెప్తాను, వాటిని చూసి కుంగిపోకు. 2014లో 69 అధ్యయనాలను, ఏడున్నర వేలమందికి పైగా ఉన్న వివరాలను కలిపి చూశారు. ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవాళ్ళు 100కి 81 మంది. గాయానికి ముందున్న స్థాయికి వచ్చినవాళ్ళు 65. పోటీల్లో ఆడే స్థాయికి వచ్చినవాళ్ళు 55. ఆటకు రాలేకపోయినవాళ్ళలో చాలామందికి మోకాలు బాగానే ఉంది, కానీ మళ్ళీ తెగుతుందేమోనన్న భయం వదల్లేదు. కూతకు అడుగు వేయబోయి కాలు ఆగిపోతుంది. ఈ భయాన్ని మన మగపిల్లలు పైకి చెప్పరు, ‘ఇంట్రెస్ట్ పోయింది’ అంటారు. నీకు అలా అనిపించిన రోజు ఫిజియోకి చెప్పు. అది కూడా చికిత్సలో భాగమే, పిరికితనం కాదు.

రిషభ్ పంత్ గుర్తున్నాడు కదా. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదం, జనవరిలో ముంబయిలో మోకాలి లిగమెంట్లకు, అంటే ఏసీఎల్ లాంటి పట్టీలకు, ఆపరేషన్. మళ్ళీ మైదానంలో దిగింది 2024 మార్చిలో, ఐపీఎల్‌లో. దాదాపు పదిహేను నెలలు. అతని గాయాలు నీకంటే పెద్దవే, నిజమే. కానీ బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ అంతా వెనకాల ఉన్నవాడికి కూడా కాలం అంత పట్టింది.

ఇప్పుడు నీ స్నేహితుడి సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నీ భవిష్యత్తు ఉన్నది ఇక్కడే. ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఆటలోకి దిగిన 25 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి మళ్ళీ ఏసీఎల్ తెగుతోందని 2016లో తేలింది. అదే మోకాలు కావచ్చు, రెండో మోకాలూ కావచ్చు. వయసులో ఉన్నవాడికి తొందరగా మానుతుంది కదా అనుకుంటాం. మానడం సంగతి అటుంచితే, వయసులో ఉన్నవాడే తొందరగా మైదానంలోకి దూకుతాడు.

నీ స్నేహితుణ్ణి రెండు మాటలు అడుగు. ఎన్నో నెలలో ఆటకు దిగావు? దిగేముందు ఎవరైనా నీ కాలి బలం కొలిచారా? ఆరో నెల, ఎవరూ కొలవలేదు అన్నాడంటే నేను ఆశ్చర్యపోను. నార్వే, అమెరికాల్లో 106 మందిని కలిపి గమనించిన అధ్యయనం ఒకటుంది. తొమ్మిదో నెల దాకా ఆటను ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్ళీ గాయపడే ముప్పు సుమారు సగం చొప్పున తగ్గింది. ఆటకు దిగేముందు బలం, గెంతు పరీక్షలన్నీ నెగ్గినవాళ్ళలో మళ్ళీ గాయపడింది 100కి ఆరుగురి లోపే. నెగ్గకుండా దిగినవాళ్ళలో 38 మంది. మందు లేదు, మరో ఆపరేషన్ లేదు. ఓపిక, కొలత. ఇంత తేడా తెచ్చేది నా వృత్తిలో ఇంకొకటి నాకు తెలియదు.

ఎందుకంత కాలం పడుతుందో తెలిస్తే ఓపిక పట్టడం సులువవుతుంది. కొత్త ఏసీఎల్‌గా పెట్టేది నీ ఒంట్లోంచే తీసిన స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ముక్క, దాన్నే గ్రాఫ్ట్ అంటారు. తీసి పెట్టగానే దానికి రక్తం అందదు. మొదటి వారాల్లో అది లోపల మెత్తబడుతుంది, తర్వాత మెల్లగా కొత్త రక్తనాళాలు వస్తాయి, ఏడాది రెండేళ్ళ దాకా అది లిగమెంట్‌గా మారుతూనే ఉంటుంది. ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్యలో అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నీకు నొప్పి పోతుంది, వాపు పోతుంది, కుంటడం పోతుంది. ‘నాకు తగ్గిపోయింది మేడమ్’ అని పిల్లలు నాతో అనేది ఆ రోజుల్లోనే. నాకు ఎక్కువ భయం వేసేదీ ఆ రోజుల్లోనే.

ఆ ఏడాది ఎలా గడుస్తుందంటే, మొదటి రెండు వారాలు ఒకే లక్ష్యం పెట్టుకో. మోకాలు అవతలి కాలంత నిటారుగా చాపగలగాలి. వంచడం తర్వాత వస్తుంది, చాపడం ఇప్పుడు పోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. రాత్రి మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోవద్దు. మడమ కింద పెట్టుకో. మెనిస్కస్ కుడితే కొన్ని వారాలు బరువు పూర్తిగా మోపనివ్వరు, కొన్ని నెలలు గొంతుక్కూర్చోనివ్వరు. అందుకే ఆపరేషన్‌కు ముందే మరుగుదొడ్లో కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోమని ఇంట్లో చెప్పు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కుట్లు పిగిలేది ఇలాంటి చోటే.

తర్వాత నెలలన్నీ తొడ కండరానివే. పల్లెలో జిమ్ లేదని ఆగకు. అరుగు మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆనుకుని కూర్చున్నట్టు నిలబడడం, ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం, సంచిలో పది కిలోల బియ్యం పోసి భుజాన వేసుకుని అదే చేయడం. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో నీ ఫిజియో చెప్పాలి, నెలనెలా బరువు పెరగాలి. రోజూ పట్నం వెళ్ళక్కర్లేదు. మొదటి నెల తరచుగా, ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి వెళ్ళి కొత్త వ్యాయామాలు నేర్చుకుని వస్తే చాలు, ఇంట్లో రోజూ చేస్తానంటేనే సుమా. వేడి కాపడం, కరెంటు పెట్టడంతోనే గంట గడిపి పంపించే చోటికి మాత్రం వెళ్ళకు. నీ కాలికి చెమట పట్టని ఫిజియోథెరపీతో కబడ్డీ తిరిగి రాదు.

నేరుగా మెల్లగా పరుగు మూడు నాలుగు నెలలకు, అదీ వాపు లేకుండా, కాలి బలం చాలినంత వచ్చాక. కూతకు తొమ్మిది నెలల లోపు వద్దు, నేనైతే పన్నెండు అంటాను. ఆ రోజు కూడా క్యాలెండర్ చూసి దిగొద్దు. ఒంటికాలి మీద గెంతి దూరం కొలువు. కుడికాలి గెంతు ఎడమకాలి గెంతులో 90 శాతమైనా ఉండాలి, తొడ బలం కూడా అంతే. జారకుండా ఆగగలగాలి, అద్దం ముందు గెంతితే మోకాలు లోపలికి వాలకూడదు. ఆ తర్వాత నెల రోజులు జట్టుతో సాధన, ఆ తర్వాతే పోటీ. మొదట్లో నిన్ను చీలమండ పట్టొద్దని మీ వాళ్ళకు చెప్పడానికి మొహమాటపడకు.

గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీయాలన్నది డాక్టరు గారితో మాట్లాడు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే మోకాలి ముందు నొప్పి తక్కువ, వెనక బలం కొంత తగ్గుతుంది. చిప్ప కింది స్నాయువు నుంచి తీస్తే గట్టిగా పట్టుకుంటుంది, కానీ మోకాళ్ళ మీద కూర్చుంటే నొప్పి ఉండొచ్చు. పొలం పని, మోకాళ్ళ మీద పడే ఆట రెండూ ఉన్నవాడివి, ఆ మాట డాక్టరుకు చెప్పాలి. హ్యామ్‌స్ట్రింగ్ అయితే బయటి వైపు ఇంకో చిన్న పట్టీ కలిపి బిగించే పద్ధతి గురించి అడుగు. కెనడా వైద్యుల ఆధ్వర్యంలో 14 నుంచి 25 ఏళ్ళ వయసున్న 618 మందిలో చేసి చూస్తే, రెండేళ్ళలో గ్రాఫ్ట్ తెగడం 100కి 11 నుంచి 4కి తగ్గింది. ఇంకొకరి ఒంటి నుంచి తీసిన గ్రాఫ్ట్ మాత్రం నీ వయసుకు వద్దు, అది ఎక్కువగా తెగుతుంది.

ఈవెంట్స్ సంగతి సూటిగా చెప్తాను. ఆరు నెలల్లో పెడితే వెళ్ళకు. 1600 మీటర్లు నేరుగా పరుగెత్తే పని కాబట్టి లాక్కొస్తావేమో. లాంగ్ జంప్‌లో ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీద నుంచి లేచి ఇసుకలో పడాలి. ఆపరేషన్ లేకుండా వెళ్ళినా అంతే, మోకాలు అక్కడే జారుతుంది, మెనిస్కస్ అక్కడే పోతుంది. ఇంకా మూడేళ్ళు ఉందన్నావు. ఈ ఏడాది రాత పరీక్షకు చదువు. మంచం మీద కాలు చాపుకుని చదవడానికి ఇంతకంటే సమయం దొరకదు.

నాన్న భయం గురించి. ఆయనకు కోపంగా జవాబు చెప్పకు. ఆయన భయపడుతున్నది మూడో ప్రశ్న గురించే, నలభై ఏళ్ళ మోకాలి గురించి. అది నిజమైన భయం. ఏసీఎల్ గానీ మెనిస్కస్ గానీ దెబ్బతిన్నవాళ్ళలో పది నుంచి ఇరవై ఏళ్ళకు దాదాపు సగం మందికి కీలు అరుగుదల మొదలవుతుంది, ఆపరేషన్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా. ఆపరేషన్ దాన్ని ఆపేస్తుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకు. కానీ అరుగుదల తెచ్చేది కోత కాదు, సంక్రాంతి రోజు తగిలిన దెబ్బ. దాన్ని తగ్గించేవి నీ చేతిలో ఉన్నాయి. మెనిస్కస్ మిగలాలి, మోకాలు జారకూడదు, తొడ బలంగా ఉండాలి, బరువు పెరగకూడదు. సిగరెట్ అలవాటుంటే ఇవాళే మానెయ్, గ్రాఫ్ట్ మానడానికి అది అడ్డు. ఇక ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బందులు కూడా నాన్నకు దాచకుండా చెప్పు. చీము పట్టడం 100 మందిలో ఒకరి కంటే తక్కువ మందికి. మోకాలు బిగుసుకోవడం కొందరికి. మోకాలి కింద పక్కన కాస్త స్పర్శ తెలియకపోవడం చాలామందికి, దానివల్ల నడకకు ఇబ్బందేమీ లేదు. జీవితాంతం కుంటడం మాత్రం ఈ ఆపరేషన్‌కు మామూలుగా వచ్చే ఫలితం కాదు. వీలైతే ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళు.

ఖర్చు గురించి నువ్వు రాయలేదు గానీ అడగాల్సినది అది కూడా. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగు. సొంతంగా పెట్టుకోవాల్సి వస్తే గ్రాఫ్ట్‌ను ఎముకకు బిగించే స్క్రూలు, బటన్ల ధర విడిగా రాయించుకో, ఆ తర్వాత ఏడాది ఫిజియోకు అయ్యేది కూడా అందులో కలిపి లెక్క వేసుకో. ఆపరేషన్‌కు అప్పు చేసి, ఫిజియోకు డబ్బుల్లేక నాలుగో వారంలో మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. అలా అవుతుందనిపిస్తే రెండు నెలలు ఆగి కూడబెట్టుకునే వెళ్ళు. ఆ రెండు నెలలూ గట్టు మీద జాగ్రత్తగా నడువు, బండి దిగేటప్పుడు ఎడమకాలి మీద దిగు, కబడ్డీ కోర్టు వైపు వెళ్ళకు.

ఈ రాత్రి ఒక పని చెయ్. నేల మీద వెల్లకిలా పడుకుని రెండు మడమల కిందా మడతపెట్టిన తువ్వాలు పెట్టు. కుడి మోకాలి వెనక భాగం ఎడమదానంతే కిందికి దిగుతోందా చూడు. తొడ బిగించి మోకాలిని నేల వైపు నొక్కి పది లెక్కపెట్టు, అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా. రెండు వారాల తర్వాత రెండు తొడల చుట్టుకొలతలూ, మోకాలు పూర్తిగా చాచుకుందో లేదో రాసి పంపు. ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన మిగతా వ్యాయామాలు అవి చూసి రాస్తాను.